రెండు ముక్కల కీబోర్డు, ఒక అబద్ధపు సాక్ష్యం

ఒక పొద్దున మీ చొక్కా గుండీ మీ వేళ్లకు దొరకకుండా జారిపోతే ఆ మాట మొదట ఎవరితో చెబుతారు? డాక్టరుతోనా, ఇంట్లోవాళ్లతోనా, లేక అసలు ఎవరితోనూ చెప్పరా?

మొదట్లో నేను ఎవరితోనూ చెప్పలేదు. జనం ముందు మైకు పట్టుకుని "నిజం చెప్పండి, రుజువు చూపండి" అని పాతికేళ్లుగా అరుస్తున్న మనిషిని నేను. నా సంగతి నా దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాను. తర్వాత అంతకంటే పెద్ద తప్పు చేశాను. నోరు తెరిచి అబద్ధం చెప్పాను. ఆ కథే ఇది.

ఫిబ్రవరి

నాకు యాభై నాలుగేళ్లు. ఏలూరులో తెలుగు టైపింగ్ పనిచేసి బతుకుతున్నాను. దస్తావేజులు, శుభలేఖలు, పుస్తకాలు, ఎవరేది తెచ్చినా కొట్టిపెడతాను. మిగిలిన టైములో నా వ్యాసాలు రాసుకుంటాను. నేనూ నా భర్త ప్రభాకర్ ఇంట్లో నెలకోసారి చర్చా గోష్ఠి నడుపుతాం. తాయెత్తులు, జాతకాలు, ప్రార్థనతో రోగాలు పోతాయనే స్వస్థత కూటాలు, వేటినీ వదలం. నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో, చర్చికి వెళ్లే ఇంట్లో. కాబట్టి స్వస్థత కూటాల మీద నాకు కోపం ఒక పాలు ఎక్కువ.

అందులో నాకో పద్ధతి ఉంది. కూటంలో ఎవరైనా లేచి "నా రోగం పోయింది" అని సాక్ష్యం చెబితే, నేను వెనక నిలబడి వాళ్ల పేరూ ఊరూ రాసుకుంటాను. ఆరు నెలలు ఆగి వాళ్ల ఇంటికి వెళ్లి, "ఇప్పుడెలా ఉందండీ?" అని అడుగుతాను. చాలామంది తల దించుకుంటారు. ఆ తల దించుకోవడాన్ని నేను వ్యాసాలుగా రాస్తాను. రాసినప్పుడల్లా నేనే గెలిచాననుకునేదాన్ని.

ఆ నెలలో కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు మొద్దుబారడం మొదలైంది. మొదట చీమలు పాకినట్టు ఉండేది, తర్వాత చేతికి ఎవరిదో తొడుగు తొడిగినట్టు. టీ గ్లాసు చేతిలోంచి జారింది. చేపల పులుసు కోసం చింతపండు పిసుకుతుంటే గింజ ఏదో, పీచు ఏదో వేళ్లకు తెలియలేదు. కళ్లతో చూసి తీశాను. ఆ రోజు నిజంగా భయపడ్డాను.

ఆసుపత్రిలో టోకెను పట్టుకుని కూర్చున్నాను. గోడ మీద టీవీలో వంటల కార్యక్రమం వస్తోంది, శబ్దం లేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ నా చేతిలో నలిగిపోతున్న కాగితాలను చూసి అడగకుండానే తీసుకుని, వరసలో సర్ది, తన సంచిలోని రబ్బరు బ్యాండు చుట్టి ఇచ్చింది. "చేతులేనాండీ? నాకు మోకాళ్లు" అని నవ్వింది.

నరాల పరీక్ష అయ్యాక డాక్టరుగారు చెప్పింది రెండు ముక్కలు. మణికట్టు దగ్గర నరం నలుగుతోంది. "మూడు నెలలు చూద్దామండీ. పట్టీ కట్టుకోండి, టైపింగ్ బాగా తగ్గించండి, నెలనెలా వచ్చి చూపించుకోండి. బొటనవేలి మొదట్లో కండ కరగడం మొదలైతే మాత్రం ఆగకూడదు. వెంటనే ఆపరేషన్. ఆలస్యమైతే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు."

నా బతుకంతా ఆ వేళ్లలో ఉంది. అన్నమూ అక్కడే, అక్షరమూ అక్కడే.

మార్చి

మా అక్క కరుణమ్మ గూడెం నుంచి రైల్లో దిగింది. నా చెయ్యి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. కానీ నీళ్లు ఆరకముందే మొదలెట్టింది.

"శుక్రవారం మా కూటానికి రావే సుగుణా. ఒక్కసారి. నీ చేతుల కోసం మూడు రోజుల ఉపవాసం పెట్టాం."

"మీరు తిండి మానేస్తే నా నరం బాగవుతుందా అక్కా?"

"నీ నోరుంది చూడూ, దానికి రాలేదే ఆ మొద్దు!"

ప్రభాకర్ పకపకా నవ్వేశాడు. నేను నవ్వలేదు. "మీ కూటంలో సాక్ష్యం చెప్పినవాళ్లలో ఎంతమంది చేతులు బాగయ్యాయో నా నోటుబుక్కు తెచ్చి చూపించనా?" అన్నాను. అక్క పళ్లెం ముందు నుంచి లేచిపోయింది. ఆ పూట ఎవరం అన్నం తినలేదు. సాయంత్రం బండికే వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ నా జడ వేసి మరీ వెళ్లింది, ఒక్క మాట మాట్లాడకుండా.

ఆ పంతంలోనే నాకు రెండు ముక్కల కీబోర్డు గురించి తెలిసింది. మామూలు కీబోర్డు ముందు రెండు మణికట్లూ బయటికి వంచి కూర్చుంటాం. ఇది మధ్యలో విడిపోయి ఉంటుంది. ఒక్కో చేతికి ఒక్కో ముక్క. భుజాల వెడల్పున విడిగా పెట్టుకుని, లోపలి వైపు ఎత్తు చేసుకోవచ్చు. ఆన్‌లైన్లో తెప్పిస్తే లోపలి బోర్డులు, మీటలు వచ్చాయి. పైన తొడిగే కేసు రాలేదు. మన చేతికి తగ్గట్టు మనమే చేయించుకోవాలట. నాకది మరీ నచ్చింది. కొలత, లెక్క, యంత్రం. ప్రార్థనకి సరైన జవాబు ఇదే అనుకున్నాను.

కేసు చేసే మనిషి కైకలూరులో దొరికింది. పేరు నాగమణి, ముప్పై లోపు వయసు. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు బాగుచేసే దుకాణం వాళ్ల నాన్నది. విరిగిన గేరు పళ్లకు కంపెనీ సామాను వచ్చేదాకా చెరువు ఆగదు కదా, అందుకని త్రీడీ ప్రింటరు కొని అలాంటి ముక్కలు తనే అచ్చు పోస్తోంది. ఒక పక్క ఐసు లారీలు, ఒక పక్క మేత బస్తాలు, మధ్యలో అద్దాల పెట్టెలో ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర పేర్చే యంత్రం. చెరువుల గాలికి తీగ చెమ్మ పట్టి చిటపటలాడుతుందని దాన్ని గట్టి మూత ఉన్న మేత డ్రమ్ములో దాచిపెట్టుకుంది.

మీటలెక్కడ ఉండాలో ఇద్దరం గ్రాఫు కాగితం మీద గీసుకున్నాం. తెలుగు కొట్టేవాళ్ల కష్టం ఇంగ్లీషు కీబోర్డు చేసినవాళ్లకు తెలియదు. ప్రతి ఒత్తుకీ పొల్లు మీట నొక్కాలి. దాన్ని బొటనవేలి కిందికి తెచ్చాం.

చివర్లో నాగమణి ఒక్కటే చెప్పింది. "ఇంటికెళ్లాక రెండు చేతులూ కాగితం మీద పెట్టి చుట్టూ గీసి ఫొటో పంపండి మేడం. చెయ్యి ఊరికే వదిలేయండి. ఎలా పడితే అలా పడనివ్వండి."

ప్రభాకర్ పెన్సిలు పట్టుకున్నాడు. నేను చెయ్యి పెట్టాను. వదిలేస్తే నా బొటనవేలు లోపలికి ముడుచుకుపోతోంది. ఆయన చూస్తున్నాడు. వేళ్లన్నీ చక్కగా విప్పి, బొటనవేలిని బలవంతంగా బయటికి లాగి, అరచేయి నిటారుగా పెట్టాను. ఫొటో దిగే మనిషిలా.

"భలే, బాగానే ఉందే చెయ్యి!" అన్నాడాయన సంతోషంగా.

"ఉండదా మరి!" అన్నాను.

ఏప్రిల్

కేసు వచ్చింది. నల్లగా, నున్నగా, రెండు తాబేలు చిప్పల్లా. చూస్తే ముచ్చటేసింది. మొదటి రెండు రోజులు మణికట్టు నిజంగానే హాయిగా అనిపించింది. మూడో రోజుకి బొటనవేలి మీట అందడం లేదని అర్థమైంది. దాన్ని అందుకోవడానికి చెయ్యి మొత్తం పక్కకు తిప్పాల్సి వచ్చేది. నొప్పి మోచేతి దాకా పాకింది.

అప్పటికే వ్యాసం రాసి పంపేశాను. రెండు రోజుల హాయి మీద నాలుగు పేజీలు! ప్రార్థనతో పోనిది కొలతతో పోయిందని రాశాను. ఆపరేషన్ మాట ఎత్తిన డాక్టరునీ ఒక వాక్యంలో గిచ్చాను. ఒక చిన్న మాసపత్రిక వాళ్లు దాన్ని నా ఫొటోతో వేశారు. ఫోన్లు వచ్చాయి. గోష్ఠిలో చప్పట్లు కొట్టారు. ఒకాయన లేచి, "సుగుణగారి చేతులే హేతువాదానికి రుజువు" అన్నాడు. నా చేతులు ఒళ్లో దాచుకుని నవ్వాను.

అక్కడ లేచి నిలబడి "లేదండీ, నొప్పి పెరిగింది" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. అంటే అక్క గెలుస్తుంది. ఇన్నేళ్లుగా నేను ఎదురు నిలిచిన వాళ్లందరూ గెలుస్తారు. నా లెక్క అదీ.

ఆ నెల చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. "తగ్గాక ఎందుకండీ, టోకెను దండగ" అని ప్రభాకర్‌ని ఆపేశాను. ఆయన పొద్దుటి నడకకి వెళ్లగానే పాత కీబోర్డు బయటికి తీసి రెండు వేళ్లతో పని లాగించేదాన్ని. గేటు చప్పుడు కాగానే దాన్ని మంచం కిందికి తోసి నల్ల చిప్పల ముందు కూర్చునేదాన్ని. రవిక హుక్కులు పెట్టుకోలేక, ఎండలని చెప్పి జిప్పు నైటీలు వేసుకున్నాను. అన్నం చెంచాతో తింటుంటే అడిగాడు. "గోళ్లు విరుగుతున్నాయండీ" అన్నాను. మా పెళ్లయి ముప్పై ఏళ్లు. ఆయనతో నేనాడిన అబద్ధాలన్నీ ఈ ఒక్క నెలలోనే ఆడాను.

ఒక మధ్యాహ్నం అద్దం ముందు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. కుడి బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండాల్సిన చోట పల్లం పడింది. డాక్టరు చెప్పిన కండ అదే. ఎవరికంటా పడకూడని మరకను చూసినట్టు చూసి, మళ్లీ ఒళ్లో దాచుకున్నాను.

మే

మీట ఒకటి పట్టేస్తోందన్న వంకతో కైకలూరు బయల్దేరాను. అసలు ఉద్దేశం ఎవరికీ తెలియకుండా బొటనవేలి మీటను దగ్గరికి జరిపించుకోవడం. ప్రభాకర్ కారు నడుపుతానన్నాడు. వద్దనలేకపోయాను.

నాగమణి కేసు చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి తిప్పింది. ఏరేటరు గేర్లు చూసే అలవాటు ఆమెది. ఏ పన్ను అరిగిందో చూసి చెరువు ఎలా నడుస్తోందో చెప్పేస్తుంది.

"మేడం గారూ, మీరు రోజుకి ఎన్ని గంటలు కొడుతున్నారండీ దీని మీద?"

"ఆరు, ఏడు."

"నెల పైనే అయింది కదండీ. అరచేయి ఆనే చోట చెమట మరక లేదు. ఈ బొటనవేలి మీటైతే నేనిచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, దుమ్ముతో సహా." మెల్లగా అంది. "మీరు దీన్ని వాడట్లేదండీ."

ప్రభాకర్ నా వైపు తిరిగాడు. నేను ప్రింటరు వైపు తిరిగాను.

నాగమణి ఇంకా మెల్లగా అంది. "కోప్పడకండి. ముదినేపల్లి నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేశారండీ. మీ వ్యాసంలో మా దుకాణం పేరు చదివారంట. మీలాంటి కేసే కావాలంట. ఆపరేషన్‌కి రోజు కూడా పెట్టుకుని, మీది చదివి మానేసుకున్నారంట. చెయ్యాలా వద్దా అని మిమ్మల్నే అడుగుదామనుకున్నాను."

ఎవరి పేరూ ఊరూ నేను రాసుకునేదాన్నో, వాళ్లందరి వరసలో నా పేరు వచ్చి నిలబడింది. తేడా ఒక్కటే. వాళ్లలో చాలామంది ఆశతో చెప్పారు. నేను తెలిసి చెప్పాను.

"ఆవిడ నంబరు కలుపమ్మా. స్పీకరు పెట్టు. నేను ఫోను పట్టుకోలేను" అన్నాను. అలా పైకి అనడం అదే మొదటిసారి.

"ఏవండీ, సుగుణగారేనా? ఎంత ధైర్యం వచ్చిందండీ మీది చదివితే..."

"చదివింది మర్చిపోండమ్మా. అది అబద్ధం. నాకు తగ్గలేదు. పెరిగింది. నా బొటనవేలి కండ కరిగిపోయింది."

ఆవిడ గొంతు మారింది. "మరి అలా ఎందుకు రాశారండీ? మావారు వెళ్దాం వెళ్దాం అంటుంటే మీ కాగితం చూపించి నేనే ఆపానండీ. చదువుకున్నావిడ రాశారు కదా అని."

"తప్పు చేశాను. రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నేనూ వెళ్తున్నాను" అన్నాను.

"మీరు వెళ్తారని ఈసారి నేనెలా నమ్మనండీ?" అని ఫోను పెట్టేసింది. న్యాయమైన ప్రశ్న.

నేను కుర్చీలో కూలబడ్డాను. చేతులు బల్ల మీద ఎలా పడితే అలా పడ్డాయి. నాగమణి "కదలకండి" అంది. లోపలికి వెళ్లి, చెరువు గట్టు నుంచి తెచ్చిన నల్లమట్టిని పళ్లెంలో పరిచి, పైన పల్చటి కవరు కప్పి తెచ్చింది. నా చేతుల్ని అలాగే ఎత్తి దాని మీద వదిలింది. బొటనవేలు లోపలికి ముడుచుకుపోయింది. మణికట్టు ఒక పక్కకు ఒరిగింది. చూడ్డానికి ఎంత దీనంగా ఉందో ఆ అచ్చు!

"ఇదండీ మీ చెయ్యి. మొన్న మీరు పంపింది ఎవరిదో" అంది.

తిరిగి వస్తుంటే దారికి రెండు పక్కలా చెరువులు, వాటిలో ఏరేటర్లు తిరుగుతున్నాయి. ప్రభాకర్ తిడతాడనుకుని లోపల జవాబులు సిద్ధం చేసుకున్నాను. చివరికి ఒక్క మాటన్నాడు. "నాకైనా చెప్పొచ్చుగా సుగుణా."

జూన్

కైకలూరు నుంచి వచ్చిన మర్నాడే, ఇంకా మే నెలలోనే, డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నా బొటనవేలి మొదట్లో నొక్కి చూసి, "పోయిన నెల రావాల్సిందండీ" అన్నారు. కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది. కుడిచేతికి ఆపరేషన్ జూన్‌లో పెట్టారు. ఎడమచేతిలో ఇప్పుడిప్పుడే మొదలవుతోందని, దాన్ని ఇంకా కాపాడుకోవచ్చని అన్నారు.

ఆపరేషన్ పొద్దున అక్క వచ్చింది. పిలిచింది నేనే. జరిగిందంతా ఫోన్లో ముందే చెప్పాను. విని, "మా వాళ్లని ఎన్ని మాటలన్నావే!" అని కాసేపు తిట్టి, కాసేపు ఏడ్చి, ఏ బండికి రావాలో అడిగింది. ఆసుపత్రి గదిలో నా రవిక హుక్కులు విప్పి గౌను తొడిగింది, చిన్నప్పుడు స్కూలుకి తయారుచేసినట్టు.

"ప్రార్థన చేసుకుంటానే. లోపలే చేసుకుంటాలే, నీకు వినపడదు."

"చేసుకో అక్కా. ఆపరేషన్ చేసేది మాత్రం డాక్టరు."

"తెలుసులేవే. నీకు తగ్గిందని మా కూటంలో నేనేం సాక్ష్యం చెప్పను, భయపడకు."

ఇద్దరం నవ్వాం. అంత భయంలోనూ నవ్వొచ్చింది. మా వాదన తీరలేదు, తీరదు కూడా. ప్రార్థన నరాన్ని బాగుచేయదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ గది బయట నాలుగు గంటలు నీళ్లు కూడా తాగకుండా కూర్చున్న మనిషిని వెక్కిరించే హక్కు ఏ హేతువూ నాకు ఇవ్వలేదు.

ఇప్పుడు

కుట్లు మానాయి. చీమలు పాకడం పోయింది. గ్లాసు పట్టుకోగలను. బొటనవేలి కొసలో మాత్రం స్పర్శ లేదు. వస్తుందేమో చూద్దాం అంటారు డాక్టరుగారు. నేను ఆ గొంతులో ఉన్నది విన్నాను. రాకపోవచ్చు. నా అబద్ధం ఖరీదు ఐదు వారాలు. ఆ కొస అందులోనే పోయిందని నేననుకుంటున్నాను. కాదని రుజువు చేయగలవాళ్లు ఎవరూ లేరు.

ముదినేపల్లి టీచరమ్మ ఆపరేషన్ చేయించుకుంది. సమయానికే వెళ్లిందట. నాతో మళ్లీ మాట్లాడలేదు. ఆ కబురు నాగమణి చెప్పింది. పత్రికకు నా తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. దాన్ని మొదటి వ్యాసమంత పెద్ద అక్షరాల్లో వేయమని పట్టుబట్టాను, వేశారు. గోష్ఠిలో నిలబడి చదివాను. ఈసారి చప్పట్లు లేవు. ఇద్దరు గోష్ఠికి రావడం మానేశారు.

మట్టి అచ్చు కొలతలతో పోసిన రెండో కేసు మీద ఇది కొడుతున్నాను. చూడ్డానికి వంకరగా, అనాకారిగా ఉంది. బొటనవేలి మీట లోపలికి ముడుచుకుని ఉంది, నా వేలిలాగే. అరగంటకోసారి లేస్తాను. ఈ కేసు నా రోగాన్ని తగ్గించలేదు. మిగిలిన చేతి మీద బరువు తగ్గించింది, అంతే. అంతకు మించి ఒక్క ముక్క ఎవరు చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే.

మీ వేళ్లు వారం రోజులుగా మొద్దుబారుతుంటే ఇది చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి. ఇక మిగిలినవాళ్లకు. మందు కావచ్చు, మొక్కు కావచ్చు, యంత్రం కావచ్చు, దేని గురించో మీరు "నాకు తగ్గిపోయింది" అని ఎవరితోనో చెప్పే ఉంటారు. తగ్గకపోయినా చెప్పి ఉంటారు. మీ మాట నమ్మి వాళ్లు తమ వైద్యం మానుకుని కూర్చుని ఉండొచ్చు. వాళ్ల పేర్లు మీకు తెలుసు. పరువు గురించి రేపు ఆలోచించుకోవచ్చు. ఫోను తీయండి. వాళ్లకు ఇప్పుడే నిజం చెప్పండి.